మూడు గట్ల చెరువు

జూన్ 22, ఆదివారం

చెరువుల పంపకాలు అయిపోయాయి. గొంతులు లేవలేదు, గొడవ లేదు, వంకాయ కూర కూడా బాగా కుదిరింది. అన్నదమ్ముల పంపకాలే కొట్లాటల్లో తేలే రోజుల్లో అన్నాచెల్లెళ్ల పంపకం మధ్యాహ్న భోజనానికి ముందే తెమిలిపోయిందంటే మా మామయ్యగారి పెద్దరికమే అనుకోవాలి.

పొద్దున్నే ఆయన అటక మీంచి కొలత గొలుసు దింపించారు. పాలేరు ఒక కొస, మా ఆయన ఫణీంద్ర ఒక కొస పట్టుకుని గట్ల వెంట నడిచారు. "సర్వేయరుని పిలుద్దాం నాన్నా" అని ఈయన ఒకసారి అన్నారు. ప్రభుత్వం చేయించే రీ-సర్వే మా ఊరికి ఇంకా రాలేదు మరి. మామయ్యగారికి కోపం వచ్చేసింది.

"ఇంట్లో లెక్కల టీచరుని పెట్టుకుని బయటివాణ్ని పిలవడం ఏంట్రా? నలుగురూ నవ్వుతారు. అమ్మాయ్, నువ్వు రాయమ్మా."

రాశాను. మా ఊళ్లో చెరువుల్ని ఎలా కొలుస్తారంటే, ఎదురెదురు గట్లు కూడి సగం చేస్తారు, ఆ రెండు సగాల్నీ గుణిస్తారు. పది చదరపు గొలుసులైతే ఎకరం. రోడ్డు వైపు చెరువు, మధ్య చెరువు రెండూ చక్కటి దీర్ఘచతురస్రాలు. ఏడున్నర గొలుసుల పొడుగు, అయిదు గొలుసుల వెడల్పు. అంటే మూడెకరాల డెబ్భై అయిదు సెంట్లు చొప్పున. మూడోది మురుగుకాలవ పక్కనున్న మూడు గట్ల ముక్క. చాలాకాలంగా వదిలేశారు. మనిషెత్తు జమ్ము పెరిగి, ఈ గట్టు మీద నిలబడితే ఆ గట్టు కనబడదు. దాని గట్లు ఏడు, ఎనిమిది, పది. ఏడుకి ఎదురు ఎనిమిది, సగం చేస్తే ఏడున్నర. పదికి ఎదురు గట్టే లేదు కాబట్టి సున్నా, సగం చేస్తే అయిదు. మళ్లీ అదే ఏడున్నర, అదే అయిదు.

మామయ్యగారు తొడ చరుచుకున్నారు. "మూడూ కలిపితే పదకొండుంబావు. పట్టాదారు పుస్తకంలో ఉన్నది అక్షరాలా అంతే! మా నాన్న గొలుసు అబద్ధం ఆడదర్రా."

చిన్నవాళ్లు ముందు కోరుకోవాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. అందుకని మా ఆడపడుచు బిందుని ముందు అడిగారు. భీమవరంలో కాపురం తెగిపోయాక తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ఆఫీసులో కొన్నాళ్లు పనిచేసింది. అదీ మానేసి ఇప్పుడు తండ్రి దగ్గరే ఉంటోంది. సొంతంగా చేపల చెరువు వేస్తానని పట్టు. కాలవ పక్కదైతే నీళ్లు పెట్టుకోవడం తేలికని దాని మీద మొదటినుంచీ కన్నుంది. అయినా నావైపు తిరిగి అడిగింది.

"వదినా, మూడూ సమానమేనా?"

"సమానమే," అన్నాను.

"అయితే నాకు మూడు గట్లది ఇచ్చెయ్యండి నాన్నా."

రోడ్డు వైపుది మాకు వచ్చింది. మధ్యది మామయ్యగారు తన పేరనే ఉంచుకున్నారు. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు తలనొప్పిగా ఉంది. ఎండలో నిలబడ్డాను కదా.

జూన్ 23

స్టాఫ్ మీటింగు. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 27

కొలిచినది ఫణీంద్ర. పద్ధతి మామయ్యగారిది. కోరుకున్నది బిందు. నేను చేసింది ఒక్క గుణకారం. ఏడున్నర అయిదులు ముప్పై ఏడున్నర అని ఏడో తరగతి పిల్లలు కూడా చెబుతారు. అందులో తప్పేముంది?

మురుగుకాలవ తవ్వినప్పుడు ఇంచుమించు ఎకరం అందులో పోయిందని మామయ్యగారే చెబుతుంటారు. నష్టపరిహారం రాలేదు, పుస్తకంలో తీయనూ లేదు. మరి ఎకరం పోయాక కూడా లెక్క పుస్తకంతో ఎలా సరిపోయింది? ఈ ప్రశ్న నాకు బస్సులో వచ్చింది, ఎందుకొచ్చిందో తెలియదు. లెక్కల టీచర్లకి ఇదొక జబ్బు. అక్కర్లేని చోట కూడా సరిచూసుకుంటారు.

మా అమ్మాయి హర్షిణి ఏలూరు నుంచి ఫోన్ చేసింది. హాస్టల్లో సాంబారు నీళ్లలా ఉంటోందట. దాని భవిష్యత్తు మేం కాకపోతే ఎవరు చూస్తారు?

జూలై 12, రెండో శనివారం

ఊరు వెళ్లాం. బిందు చెరువు గుర్తుపట్టలేకపోయాను. జమ్మంతా కొట్టించి, పూడిక తీయించి, గట్లు ఎత్తు చేయించింది. నీళ్లు పెట్టేశారు. ఎండకి నల్లబడింది పిల్ల. కాలేజీ ఆఫీసులో కుర్చీకి అతుక్కుని కూర్చున్న బిందు, ఈ బిందు ఒకరేనా అనిపించింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గట్టు మీద చకచకా నడుస్తుంటే నేను వెనక జారుకుంటూ పడుతూ లేస్తూ వెళ్లాను.

జమ్ము పోయాక చెరువు చిన్నదిగా కనబడింది. ఖాళీ చేసిన గది పెద్దదిగా కనిపించాలి గానీ ఇదేమిటి అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

"ఎకరానికి ఇన్నని అన్నయ్య చెప్పాడు వదినా. మూడుముప్పావు ఎకరాలకి లెక్కగట్టి చేపపిల్లలు చెప్పేస్తున్నాను. శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ. సరేనా?"

చేపపిల్లల గురించి నాకేం తెలుసని నన్నడుగుతుంది? అడిగింది చేపల గురించి కాదు. మూడుముప్పావు గురించి.

"చెప్పుకో," అన్నాను.

పిల్ల నవ్వింది. "నువ్వుంటే నాకు ధైర్యం వదినా. వాళ్లందరూ నోటిలెక్కలే గదా!"

దారిలో ఫణీంద్ర ఏదో చెబుతున్నారు. ఆయన చేపల మేత కొట్టు గురించి అనుకుంటాను. ఏమీ వినలేదు.

ఆగస్టు 5

ఏడో తరగతికి త్రిభుజాలు మొదలుపెట్టాను. ఏటా చేసేదే. అందరూ చీపురు పుల్లలు తెచ్చుకోవాలి, రకరకాల పొడవులకి తుంచాలి, ఏ మూడు పుల్లలతో త్రిభుజం వస్తుందో, వేటితో రాదో చూడాలి. ఇంట్లో చీపుర్లు పాడవుతున్నాయని తల్లులు తిట్టుకుంటారు గానీ, రెండు భుజాలు కలిపితే మూడోదానికంటే ఎక్కువ ఉండాలన్న మాట ఆ తరవాత జన్మలో మరిచిపోరు.

నఫీసా అని ఒక పిల్ల ఉంది, రెండో బెంచీ. వాళ్ల నాన్న స్టేషన్ దగ్గర టైలరు. పుల్లలు అయిదు, ఆరు, పది పెట్టి చూపించింది.

"వచ్చింది టీచర్. కానీ బాగా చదునుగా ఉందండీ."

"అయినా త్రిభుజమే కదమ్మా."

"త్రిభుజమే గానీ లోపల చోటేం లేదు టీచర్. పుల్లలేమో పెద్దవేనండీ."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. గట్ల పొడుగు ఎంతున్నా అవి పడుకునే తీరుని బట్టే లోపల చోటు ఉంటుందని చెప్పాను. నోట్లోంచి 'గట్లు' అని వచ్చింది. పిల్లలెవరూ పట్టించుకోలేదు. నల్లబల్ల వైపు తిరిగి బొమ్మ గీశాను.

ఆగస్టు 6

నిజం రాసుకుంటాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ?

పది గొలుసుల గట్టు మీద నిలబడి ఎదురు మూలకి చూస్తే, నిట్టనిలువుగా ఆ మూల అయిదున్నర గొలుసుల దూరంలో ఉంటుంది. ఏడూ ఎనిమిదీ ఏటవాలు గట్లు. ఏటవాలుది ఎప్పుడూ పొడుగే. వాటిని కూడి సగం చేసినంత మాత్రాన ఎత్తు అయిపోదు. ఆ పద్ధతి నాలుగు మూలలూ నిలువుగా ఉన్న చెరువులకి సరిపోతుంది. మూడు గట్లదానికి పెడితే నేల లేనిచోట నేల పుట్టిస్తుంది. బిందు చెరువు రెండెకరాల డెబ్భై ఎనిమిది సెంట్లు. దాదాపు ఎకరం తక్కువ. కాలవలో పోయిన ఎకరమంతా ఒక్క బిందు నెత్తినే పడింది, మా ముక్కలు చెక్కుచెదరలేదు.

న్యాయంగా మూడు వాటాలు సమానం చెయ్యాలంటే మా చెరువులోంచి ముప్పైరెండు సెంట్లు పోతుంది. అంతే. ఆ మాత్రం దానికా?

ఇది నిన్న నఫీసా పుల్లలు చూశాక తెలిసిందని రాయబోయాను. చూశాక గుర్తొచ్చిందని ఒక వాక్యం మొదలుపెట్టి కొట్టేశాను. ఆ రోజే తెలుసు. సున్నా వేస్తున్నప్పుడే తెలుసు. పెన్ను ఆగింది కూడా. మామయ్యగారు తొడ చరుచుకున్నారు, ఫణీంద్ర రోడ్డు వైపు చెరువు కేసి చూస్తున్నారు, బిందు నన్ను అడిగింది. 'సమానమే' అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో!

నేను దొంగతనం చేశాను. గట్టు జరపలేదు, రాయి పీకలేదు. నోటితో చేశాను.

ఆగస్టు 17, ఆదివారం

ఫణీంద్రకి చెప్పాను. పూర్తిగా చెప్పలేదు, ఊరికే అడుగుతున్నట్టు మొదలుపెట్టాను.

"ఏవండీ, బిందు చెరువు కాస్త తక్కువ వచ్చిందేమోనని అనుమానంగా ఉందండీ."

ఆయన పేపరు దించలేదు. "ఎంత తక్కువ?"

చెప్పాను. అప్పుడు దించారు.

"బిందు అడిగిందా?"

"లేదండీ."

"నాన్న అడిగారా?"

"లేదు."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వేంటి, వెతుక్కుంటూ వెళ్లి పెడతానంటావు!" అని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. "చూడు దుర్గా, దాన్ని అదే కోరుకుంది. మనం బలవంతం చెయ్యలేదు. చెరువు వేసేసింది, చేపపిల్లల్ని వదిలేసింది. ఇప్పుడు చెబితే నాన్న తట్టుకోరు. ఆయన గొలుసు, ఆయన మాట... నీకు తెలియందేముంది? పంట తీశాక నెమ్మదిగా చూద్దాం."

పంట తీశాక. ఈ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయాలంటే సిగ్గుగా ఉంది. ఆయన చెడ్డవారేం కాదు. చెల్లెలికి మేత అరువు ఇస్తున్నారు, తన చెరువులో వేసిన చేపపిల్లలే దానికీ తెప్పించారు, ఎకరానికి అదే లెక్కన. నేనూ చెడ్డదాన్ని కాదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఆగస్టు 18

పంట తీశాక చెబుతాను.

సెప్టెంబరు 14, ఆదివారం

చెప్పేద్దామనే వెళ్లాను. ఒక్కదాన్నే, గణపవరం బస్సులో. దారంతా మాటలు పేర్చుకున్నాను. "బిందూ, ఆ రోజు ఒక పొరపాటు జరిగింది." పొరపాటు అనాలా, తప్పు అనాలా అన్న దగ్గరే ఊరు వచ్చేసింది.

బిందు మేత వేస్తోంది. గట్టు పక్కన నీళ్లు ఉడికినట్టు కదిలాయి. వెండిరంగు వీపులు, తోకలు, ఒకదాని మీద ఒకటి.

"చూడు వదినా, నా అడుగుల చప్పుడుకే వచ్చేస్తాయి. మనిషినైతే ఎవర్నీ ఇంతలా నమ్మించలేకపోయాను."

భీమవరం గురించి అన్నదని అర్థమైంది. దాని భర్త గురించి అది మాట్లాడటం అదే మొదటిసారి. అక్కడ ఉన్న మూడేళ్లూ తను ఏం చేసినా తప్పే అనేవాళ్లట. ఇక్కడికి వచ్చాక మొదటిసారి తన చేత్తో చేసింది ఒకటి పెరుగుతోందట. ఈ మాటలన్నీ నవ్వుతూనే చెప్పింది. ఇప్పుడీ పిల్లకి 'నీ చెరువు నువ్వనుకున్నంత లేదు' అని ఎలా చెప్పను?

చెప్పకుండా ఉండటానికి మనిషికి ఎన్ని దయగల కారణాలు దొరుకుతాయో!

సగం చెప్పాను. "బిందూ, పిల్లలు కొంచెం ఎక్కువయ్యాయేమో. కొన్ని తీసేస్తే మంచిదేమో చూడు."

"భలేదానివి వదినా! నీ లెక్క ప్రకారమే వేశాను. ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యలేదు." గట్టిగా నవ్వేసింది. "అన్నయ్య చెరువు చూడు, అంతే వేశాడు, ఎంత బాగున్నాయో."

మామయ్యగారు కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చారు. తాగాను.

సెప్టెంబరు 30

సెలవులు. ఇల్లు దులిపాను. అల్మరాలన్నీ సర్దాను. పనిమనిషి ఆశ్చర్యపోయింది.

అక్టోబరు 10

మూడు రోజులుగా ముసురు. ఎండ మొహం చూడలేదు. తెల్లవారకుండానే బిందు ఫోన్. గొంతు గుర్తుపట్టలేదు.

"అన్నయ్యని పంపించు వదినా. చేపలన్నీ పైకొచ్చేశాయి. నోళ్లు తెరుస్తున్నాయి."

ఇద్దరం వెళ్లాం. అరువు తెచ్చిన ఏరియేటర్లు రెండు తిరుగుతున్నాయి. నడుము లోతు నీళ్లలో దిగి బిందు చేతులతో నీళ్లు కొడుతోంది, గాలి ఎక్కించినట్టు. ఏరియేటరు చేసే పని మనిషి చేతులు చేస్తాయా? చుట్టూ తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. పాలేరూ ఇంకో ఇద్దరూ వలతో లాగి గట్టు మీద పోస్తున్నారు. కొన్ని ఇంకా తోక కొట్టుకుంటున్నాయి. ముసురుకి నీళ్లలో గాలి తగ్గి, గాలాడక చచ్చిపోయాయి. చోటు చాలక చచ్చిపోయాయి.

నేను కూడా దిగాను. ఎందుకు దిగానో తెలియదు. చీర తడిసి కాళ్లకి చుట్టుకుంది. ఫణీంద్ర కేకేస్తే పైకొచ్చాను.

రోడ్డు వైపు మా చెరువులో ఒక్క చేప చావలేదు. అదే ముసురు, అవే పిల్లలు, అదే మేత.

అక్టోబరు 12

ఊరంతా పరామర్శకి వచ్చారు. చావుకి వచ్చినట్టే వచ్చి, పెళ్లికి వచ్చినట్టు కబుర్లు చెప్పుకున్నారు. అన్నయ్య చెరువు బాగానే ఉంది కదా, అంటే చెల్లెలు చూసుకోలేదన్నమాట. ఆడపిల్ల, అనుభవం లేదు. రాత్రిళ్లు నిద్రపోయిందేమో. మేత ఎక్కువ వేసిందేమో. మొగుడితోనే సరిపెట్టుకోలేనిది చెరువేం చేస్తుందని ఒకావిడ వాకిట్లో అంది. బిందు లోపల బియ్యం ఏరుతోంది. విందని నాకు తెలుసు, ఎందుకంటే చేతులు ఆగిపోయాయి.

నేను ఆ గదిలోనే ఉన్నాను. ఒక్క వాక్యం చాలు. 'ఆమె తప్పు కాదు, లెక్క తప్పు' అంటే చాలు. ఆ మాట అనకుండా నేనూ పిడికెడు బియ్యం తీసుకుని ఏరాను.

వచ్చేటప్పుడు బిందు నా చెయ్యి పట్టుకుంది. "అంతా సరిగ్గానే చేశాను వదినా. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు. తెలిస్తే అయినా బాగుండును."

అక్టోబరు 13

తెలిస్తే అయినా బాగుండును.

అక్టోబరు 24

క్లాసులో నఫీసాని అనవసరంగా కసురుకున్నాను. బాహ్యకోణం బొమ్మ సరిగ్గానే గీసింది. సారీ చెప్పాను. పిల్ల బిత్తరపోయి "పర్లేదు టీచర్" అంది. ఇంత చిన్న తప్పుకి ఎంత సులువుగా సారీ చెప్పగలిగానో.

నవంబరు 2, ఆదివారం

ఇవాళే రాయాలి.

బిందు చెరువు వదిలేస్తానంది. తాడేపల్లిగూడెంలో పాత ఉద్యోగం మళ్లీ ఇస్తామన్నారట. చెరువుని అన్నయ్యకే లీజుకి ఇచ్చేసి వెళ్లిపోతుందట. అది మాట్లాడుకోవడానికే అందరం గట్టు మీద కూడాం. బిందు మొహంలో ఏమీ లేదు. ఏడ్చినా బాగుండేది.

ఫణీంద్ర ఫోను తీశారు. "లీజంటే ఎకరాలు చూసుకోవాలి కదా నాన్నా. అందరికీ చేసేదే." గట్టు వెంట చుట్టూ నడిచి వచ్చారు. ఫోనులో ఆ నడక గీతలా పడుతుంది, లోపల ఎంత నేలో అదే చెబుతుంది. నేను వద్దని సైగ చేశాను. చూశారో లేదో. రోజూ మేత కొట్టుకి వచ్చే రైతులందరితో ఇలాగే చేస్తారు కాబట్టి, ఇక్కడ ఎందుకు చెయ్యకూడదో ఆ క్షణంలో ఆయనకి తట్టలేదనే నమ్ముతున్నాను. నమ్మాలని ఉంది.

"రెండెకరాల డెబ్భై ఏడు," అని చదివారు. చదివాక గానీ తలెత్తి నన్ను చూడలేదు.

మామయ్యగారు నవ్వారు. "నీ ఫోనుకి మతిపోయిందిరా. మూడూ డెబ్భై అయిదు. నా గొలుసుతో కొలిచింది, మీ ఆవిడ రాసింది. పుస్తకంతో సరిపోయింది. ఏమ్మా అమ్మాయ్, నువ్వు చెప్పు. ఆ డబ్బా కరెక్టా, నువ్వు కరెక్టా?"

ఆయన గొంతులో ఎంత ధీమా! నా మీద ఉన్న ధీమా అది.

"ఫోనే కరెక్టండీ మామయ్యగారూ," అన్నాను.

పుల్ల తీసుకుని తడిమట్టి మీద బొమ్మ గీశాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. పది గొలుసుల గట్టు ఇది. ఎదురు మూల ఇది. మూల నుంచి గట్టు మీదికి నిలువుగా దిగితే ఇంతే దూరం. మనం పక్క గట్ల పొడుగు తీసుకున్నాం, అవి ఏటవాలుగా వస్తాయి కాబట్టి ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. నాలుగు గట్లవాటికి మీ పద్ధతి సరిపోయింది, దీనికి సరిపోదు. పుస్తకంతో కలవడం కాకతాళీయం, కాలవలో పోయిన ఎకరం ఇక్కడే లోటు పడింది. నా గొంతు నాకే పాఠంలా వినిపించింది.

మామయ్యగారు బొమ్మని చూస్తూ ఉండిపోయారు. బిందు మాత్రం బొమ్మని చూడలేదు.

"అంటే పిల్లలు ఎక్కువ పడ్డాయి," అంది మెల్లగా. "అందుకే చచ్చిపోయాయి. నేను చూసుకోకపోవడం వల్ల కాదు."

"కాదు బిందూ."

ఒక్క క్షణం దాని మొహంలోకి ప్రాణం వచ్చింది. నేను చూశాను. తనది తప్పు కాదని తెలిసిన మనిషి మొహం అది. ఆ మరుక్షణం అడిగింది.

"ఇది నీకెప్పుడు తెలిసింది వదినా?"

దారి తెరిచే ఉంది. 'ఇప్పుడే, ఫోను చూశాక' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా. ఫణీంద్ర నన్నే చూస్తున్నారు, అనమన్నట్టు. అంటే ఎవరికీ తెలిసేది కాదు. అందరూ లెక్కల టీచరు కూడా పొరబడుతుందని నవ్వేసేవాళ్లు.

"ఆ రోజే," అన్నాను.

"ఏ రోజు?"

"కొలిచిన రోజే. నువ్వు సమానమేనా అని అడిగినప్పుడు నాకు తెలుసు."

బిందు పక్కకి తిరిగి నీళ్ల వైపు చూసింది. చెంప మీద కొట్టినా బాగుండేది. ఫణీంద్ర ఫోను జేబులో పెట్టుకుని తూము వైపు నడిచారు. మామయ్యగారు మాత్రం నెమ్మదిగా గట్టు మీద కూర్చున్నారు. ఆయన కింద కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు, ఎవరో ఒకరు కుర్చీ తెస్తారు.

"నాకు తెలియదు గదమ్మా," అన్నారు. "నాకు వచ్చిన లెక్క అదే. నీకు తెలుసు. తెలిసి, నా చేత్తోనే నా కూతురికి తక్కువ పెట్టించావా?"

ఇన్ని నెలలూ బిందుకి అన్యాయం చేశానని కుమిలిపోయాను. ఆ ముసలాయన గొలుసుని, ఆయన మాటని కూడా వాడుకున్నానని నాకు తట్టనేలేదు.

నవంబరు 3

ఫణీంద్ర మాట్లాడటం లేదు. ఇడ్లీ తిని కొట్టుకి వెళ్లిపోయారు. ఆగస్టులో తను కూడా విన్నానని ఆయన అక్కడ అనలేదు. నేనూ అనలేదు. అది ఆయన చెప్పుకోవలసింది.

చెప్పేస్తే గుండె తేలికవుతుందంటారు. కాలేదు.

నవంబరు 6

హర్షిణికి చెప్పాను, ఫోన్లో. "అత్త ఎలా ఉందమ్మా?" అని అడిగింది. నేనెలా ఉన్నానని అడగలేదు. సరిగ్గానే అడిగింది.

నవంబరు 9, ఆదివారం

మామయ్యగారు పిలిపించారు. వెళ్లేసరికి వరండాలో చాప వేసి ఉంది. బిందు స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తాడేపల్లిగూడెం వెళ్లడం మానుకుందట, చెరువు తనే వేస్తుందట. నాతో కాదు, వాళ్ల అన్నయ్యతో చెప్పింది.

"పంపకం మళ్లీ చేద్దాం," అన్నారు మామయ్యగారు. "ఈసారి సర్వేయరు వస్తాడు. మూడు వాటాలూ సమానం కావాలి. రోడ్డు వైపుదాంట్లోంచీ మధ్యదాంట్లోంచీ కలిపి మధ్య గట్టు పక్కన బిందుకి ఇద్దాం. ఏమంటావు ఫణీ?"

"మీ ఇష్టం నాన్నా," అన్నారు ఈయన. కాసేపు ఆగి, "నాకూ ముందే తెలుసు నాన్నా. ఆగస్టులో చెప్పింది. నేనే ఆపాను," అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మామయ్యగారు కొడుకుని చూసి తల తిప్పుకున్నారు. బిందు చాప అంచు లాగుతూ ఉండిపోయింది.

తరవాత మామయ్యగారు ఒక తెల్లకాగితం, పెన్ను తీసి నావైపు జరిపారు. అలవాటు కొద్దీ జరిపారో, క్షమించానని చెప్పడానికే జరిపారో తెలియదు. "ఎవరికెంత రావాలో ఒకసారి వేసి ఉంచమ్మా. సర్వేయరు వచ్చాక సరిచూసుకుందాం. ఈసారి సరిగ్గా వేస్తావులే."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాచాను.

"వద్దు నాన్నా," అంది బిందు. గొంతు పెంచలేదు. "సర్వేయరుగారే వేస్తారు. వదినగారికి శ్రమ ఎందుకు?"

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు బిందు రెండు జడలు వేసుకుని స్కూలుకి వెళ్లేది. ఇన్నేళ్లలో నన్ను గారు అనలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కాగితం చాప మీద అలాగే ఉంది. చాచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక, లేచి వంటింట్లోకి వెళ్లి అందరికీ టీ పెట్టాను. మామయ్యగారికి ఇచ్చాను, ఈయనకి ఇచ్చాను, బిందు దగ్గరికి గ్లాసు తీసుకెళ్లాను.

"ఇప్పుడే తాగానండీ," అంది.

పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. పాలప్యాకెట్టు నేనే విప్పాను.